స్ప్రెడ్‌షీట్ చార్టును కాగితం మీదికి తేవడం: ఆరు దారుల్లో మీకు ఏది?

స్ప్రెడ్‌షీట్‌లో గీసిన చార్టును మొదటిసారి ప్రింట్ తీసినప్పుడు చాలామందికి ఎదురయ్యేది నిరాశే. చార్టు సగం ఒక పేజీలో, మిగతా సగం ఇంకో పేజీలో పడుతుంది. లేదా పక్కనున్న పెద్ద పట్టికతో కలిసి కుంచించుకుపోయి, అక్షరాలు చీమ తలకాయంత అవుతాయి. తెర మీద నీలం, నారింజ, ఆకుపచ్చ గీతలుగా కళకళలాడినవి నలుపు తెలుపు ప్రింటర్ దగ్గరకు వెళ్లేసరికి ఒకే బూడిద రంగు అయిపోతాయి.

ఆ కంగారులో చేతికందిన బటన్ నొక్కేస్తాం. కాసేపు స్కేలింగ్ (ప్రింట్‌లో ఎంత శాతం పెంచాలో, కుదించాలో చెప్పే సెట్టింగ్) మారుస్తాం, కాసేపు కాగితాన్ని అడ్డంగా తిప్పుతాం, చివరికి స్క్రీన్‌షాట్ తీసి వర్డ్‌లో అతికిస్తాం. ఇలా ఎన్నో కాగితాలు వృథా చేశాక నాకు అర్థమైంది ఇది: ముందు కాగితం సంగతి తేల్చుకోవాలి, చార్టు ఆ తర్వాతే. ఎంత కాగితం మీద, ఎంత సైజులో కనబడాలో అనుకుని, అదే సైజులో చార్టు గీస్తే సగం టెన్షన్ అక్కడే పోతుంది. తెరకు సరిపోయేలా గీసిన చార్టును ప్రింట్ సమయంలో కుదించడంతోనే గొడవంతా మొదలవుతుంది.

చార్టును కాగితం మీదికి తేవడానికి ముఖ్యంగా ఆరు దారులున్నాయి. చార్టును ఒక్కదాన్నే ప్రింట్ తీయడం, పట్టికతో కలిపి తీయడం, చార్టును సొంత షీట్‌లోకి మార్చడం, పీడీఎఫ్ చేయడం, వర్డ్ లాంటి డాక్యుమెంట్‌లోకి తీసుకెళ్లడం, బొమ్మగా సేవ్ చేయడం. ఏదీ అన్నిటికీ పనికిరాదు. ముందు మీ అవసరం ఏమిటో చూసుకుందాం.

## ఎంచుకునే ముందు అడగాల్సినవి

చార్టు పక్కన అంకెలు కావాలా? తెర మీద గీత మీద మౌస్ పెడితే అంకె కనబడుతుంది. కాగితం మీద ఆ సౌకర్యం లేదు. చదివేవాళ్లు "ఇది కచ్చితంగా ఎంత?" అని అడిగే రకమైతే పట్టికైనా ఉండాలి, చార్టు మీద డేటా లేబుల్స్ (గీతల, స్తంభాల పక్కనే రాసే అంకెలు) అయినా ఉండాలి.

ఎంత దూరం నుంచి చూస్తారు? చేతిలో పట్టుకుని చదివే కాగితం వేరు, గోడకు అంటించేది వేరు, టేబుల్ మధ్యలో పెట్టి నలుగురు చుట్టూ కూర్చుని చూసేది వేరు.

రంగు ప్రింటరా, నలుపు తెలుపా? ఆ తర్వాత ఎవరైనా జిరాక్స్ తీస్తారా? మీరు రంగులో ఇచ్చినా, మీ చేయి దాటాక ఆ కాగితం నలుపు తెలుపు జిరాక్స్ అయి తిరిగే అవకాశం ఎక్కువ. దీని గురించి కింద వివరంగా రాశాను.

అంకెలు మళ్లీ మారతాయా? ఒక్కసారి ఇచ్చి మరిచిపోయే కాగితానికీ, ప్రతి నెలా అదే రూపంలో ఇవ్వాల్సిన రిపోర్టుకూ ఒకే పద్ధతి కుదరదు.

ప్రింట్ తీసేది ఎవరు? మీ ప్రింటర్‌లో మీరే తీసుకుంటే ఏ దారైనా ఫరవాలేదు. ఫైల్ వేరేవాళ్లకు పంపి వాళ్లు ప్రింట్ తీసుకునేట్లయితే ఫాంట్లు మారిపోవడం, పేజీలు విరగడం, చూపకూడని డేటా వాళ్ల చేతికి చేరడం లాంటి చిక్కులు వస్తాయి.

వీటన్నిటితో పాటు అక్షరాల సైజు లెక్క ఒకటి గుర్తుంచుకోవాలి. ఎక్సెల్‌లో కొత్తగా పెట్టిన చార్టు మామూలుగా 5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల ఎత్తు ఉంటుంది, అంటే దాదాపు 12.7 × 7.6 సెం.మీ. 2013 నుంచి వచ్చిన వెర్షన్లలో యాక్సిస్ (చార్టు అంచున కొలతలు, పేర్లు ఉండే గీత) మీది అక్షరాలు 9 పాయింట్లు, శీర్షిక 14 పాయింట్లు. షీట్ మొత్తాన్ని ఒకే పేజీలో పట్టించడానికి స్కేలింగ్ 50 శాతానికి దిగితే ఆ 9 పాయింట్లు కాగితం మీద 4.5 అవుతాయి. ఇంగ్లిష్ అక్షరాలనైతే కళ్లు చిట్లించుకుని ఎలాగో చదవొచ్చు. తెలుగులో ఆ సైజుకు ఒత్తులు, గుడులు కలిసిపోయి మరకల్లా కనబడతాయి. కాగితం మీదికి వచ్చేసరికి ఇంగ్లిష్‌కు 8 పాయింట్లు, తెలుగుకు 10 పాయింట్లు తగ్గకుండా చూసుకోవాలన్నది నా నియమం. ఏ దారిలో వెళ్లినా ఈ లెక్క వేసి చూడండి.

## చార్టును ఒక్కదాన్నే ప్రింట్ తీయడం

అన్నిటికంటే తేలిక ఇదే. ఎక్సెల్‌లో చార్టు మీద ఒకసారి క్లిక్ చేసి కంట్రోల్, పి నొక్కితే సెట్టింగ్స్‌లో "ప్రింట్ సెలెక్టెడ్ చార్ట్" అని కనబడుతుంది. పక్కనున్న పట్టిక, నోట్సు ఏవీ రావు. చార్టు పెద్దదై పేజీ నిండుగా వస్తుంది. మీటింగ్‌కు పది నిమిషాల ముందు ఒక్క చార్టు కావాలంటే ఇంతకంటే వేగమైన మార్గం లేదు.

పేజీ నిండా పెద్దదవడం అన్నిసార్లూ మంచిది కాదు. మూడే మూడు స్తంభాలున్న చార్టు పేజీ మొత్తం ఆక్రమిస్తే స్తంభాలు గోడల్లా కనబడతాయి, ఇంక్ కూడా దండగ. పైగా తెర మీద ఉన్న పొడవు వెడల్పుల నిష్పత్తి, కాగితం నిష్పత్తి ఒకటి కావు. గీత ఏటవాలు ఎంత నిటారుగా కనబడుతుందన్నది ఆ నిష్పత్తి మీదే ఆధారపడుతుంది కాబట్టి, ప్రివ్యూలో ఒకసారి చూడకుండా ప్రింట్ నొక్కొద్దు.

దీనికి సంబంధించి తరచూ వచ్చే ఫిర్యాదు ఒకటుంది: "షీట్ మొత్తం ప్రింట్ తీయాలనుకుంటే చార్టు ఒక్కటే వస్తోంది" అని. చార్టు సెలెక్ట్ అయి ఉండటమే కారణం. ఖాళీ సెల్ ఒకదాని మీద క్లిక్ చేసి మళ్లీ ప్రింట్ ఇస్తే సరిపోతుంది.

గూగుల్ షీట్స్ ప్రింట్ సెట్టింగ్స్‌లో ఇప్పటి షీట్, వర్క్‌బుక్ మొత్తం, సెలెక్ట్ చేసిన సెల్స్ అనే మూడు ఎంపికలే ఉంటాయి. అక్కడ ఒక్క చార్టే కావాలంటే చార్టు మూలనున్న మూడు చుక్కల మెనూలోంచి పీడీఎఫ్‌గా డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీయడం నయం.

## పట్టికతో కలిపి ఒకే పేజీలో

ఎక్కువమందికి నిజంగా కావాల్సింది ఇదే. ఎక్కువమంది ఇబ్బంది పడేదీ ఇక్కడే. పైన చార్టు, కింద అంకెలు ఉన్న కాగితాన్ని ఎవరి చేతికిచ్చినా విడిగా వివరించాల్సిన అవసరం ఉండదు. కాబట్టి కొంచెం కష్టపడినా ఇది నేర్చుకోవడం మేలు.

మామూలుగా అందరూ చేసేది "ఫిట్ షీట్ ఆన్ వన్ పేజ్" నొక్కడం. నలభై వరుసల పట్టికైతే ఫరవాలేదు. మూడు వందల వరుసలుంటే మాత్రం అన్నీ ఒకే పేజీలోకి దూరాలి కాబట్టి చార్టు తపాలా బిళ్లంత అవుతుంది. దానికి బదులు వెడల్పును ఒక పేజీకి పరిమితం చేసి, ఎత్తును ఆటోమేటిక్‌గా వదిలేయండి. పట్టిక ఎన్ని పేజీలు పోయినా చార్టు చదవగలిగే సైజులోనే ఉంటుంది. గూగుల్ షీట్స్‌లో దీనికి సమానమైనది "ఫిట్ టు విడ్త్".

అంతకంటే మంచి పద్ధతి, నేను పాటించేది, ప్రింట్ కోసమే ఒక షీట్ వేరుగా పెట్టుకోవడం. అసలు డేటా ఒక షీట్‌లో ఎంత పెద్దగా, ఎంత గజిబిజిగా ఉన్నా ఉండనివ్వండి. కొత్త షీట్‌లో చదివేవాళ్లకు కావాల్సిన పది పదిహేను వరుసల సారాంశాన్ని ఫార్ములాలతో తెచ్చుకుని, దాని పైన చార్టు పెట్టండి. స్కేలింగ్ 100 శాతం నుంచి కదపొద్దు. ఎ4 కాగితం 210 × 297 మి.మీ. ఎక్సెల్ నార్మల్ మార్జిన్లు ఎడమ కుడి 0.7 అంగుళం, పైన కింద 0.75 అంగుళం. అవి తీసేస్తే నిలువు పేజీలో దాదాపు 17.4 సెం.మీ. వెడల్పు, 25.9 సెం.మీ. ఎత్తు మిగులుతాయి. అడ్డంగా తిప్పితే 26.1 × 17.2 సెం.మీ. చార్టును సెలెక్ట్ చేసి ఫార్మాట్ ట్యాబ్‌లోని సైజ్ పెట్టెల్లో వెడల్పు 16.5 సెం.మీ., ఎత్తు 10 సెం.మీ. అని ఇస్తే నిలువు పేజీలో హాయిగా కూర్చుంటుంది, కింద పట్టికకు చోటుంటుంది. ఇలా చేస్తే 9 పాయింట్ల అక్షరం కాగితం మీద కూడా 9 పాయింట్లే. తెర మీద చూసిందే కాగితం మీదికి వస్తుంది.

ఒకే పేజీలో రెండు, మూడు చార్టులు పెట్టాలంటే వాటిని జరిపేటప్పుడు ఆల్ట్ కీ నొక్కి పట్టుకోండి. చార్టు అంచులు సెల్ గీతలకు అతుక్కుంటాయి. కంటి అంచనాతో సర్దిన చార్టులు తెర మీద సమానంగానే అనిపిస్తాయి కానీ, కాగితం మీద ఒక్క మిల్లీమీటర్ తేడా కూడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

పేజీ ఎక్కడ విరుగుతుందో తెలియాలంటే పేజ్ బ్రేక్ ప్రివ్యూ తెరవండి. ఎక్సెల్ తనంతట తాను విరిచినచోట నీలం చుక్కల గీత, మీరు విరిచినచోట నిండు గీత ఉంటాయి. చుక్కల గీత చార్టు మధ్యలోంచి పోతుంటే దాన్ని పట్టుకుని పక్కకు లాగండి. కానీ గుర్తుంచుకోండి, పేజీలో ఎక్కువ పట్టేలా లాగితే ఎక్సెల్ చెప్పకుండానే స్కేలింగ్ తగ్గిస్తుంది. చార్టును రెండు వరుసలు కిందికి జరపడం దానికంటే మంచిది.

ఈ దారిలో మనిషిని అయోమయంలో పడేసేవి మూడున్నాయి. పట్టికలో ఫిల్టర్ పెట్టగానే చార్టు నలిగిపోయినట్టు కుంచించుకుపోవడం మొదటిది. చార్టు ప్రాపర్టీస్‌లో "మూవ్ అండ్ సైజ్ విత్ సెల్స్" ఉండటం వల్ల, దాని వెనకాల వరుసలు దాక్కుంటే అదీ తగ్గుతుంది. "డోంట్ మూవ్ ఆర్ సైజ్ విత్ సెల్స్" ఎంచుకుంటే కదలదు. వరుసలను దాచగానే చార్టులోంచి ఆ అంకెలు మాయమవడం రెండోది. సెలెక్ట్ డేటాలో హిడెన్ అండ్ ఎంప్టీ సెల్స్ దగ్గర, దాచిన వరుసలను కూడా చూపించమని టిక్ పెట్టాలి. తెర మీద ఉన్న చార్టు ప్రింట్‌లో అసలే రాకపోవడం మూడోది. అదే ప్రాపర్టీస్‌లో "ప్రింట్ ఆబ్జెక్ట్" టిక్ పోయి ఉంటుంది.

## సొంత షీట్‌లో చార్టు

డేటాను సెలెక్ట్ చేసి ఎఫ్11 నొక్కితే ఎక్సెల్ ఒక్క చార్టుతో కొత్త షీట్ తయారుచేస్తుంది. ఉన్న చార్టునైతే "మూవ్ చార్ట్" తో కొత్త షీట్‌కు పంపొచ్చు. గూగుల్ షీట్స్‌లోనూ చార్టు మెనూలో "మూవ్ టు ఓన్ షీట్" ఉంది. సెల్స్ ఏవీ ఉండవు కాబట్టి పేజీ విరగడమనే సమస్యే లేదు.

ప్రతి నెలా అవే అయిదారు చార్టులు, ఒక్కోటి ఒక్కో పేజీలో ఇవ్వాల్సినవాళ్లకు ఇది చాలా అనుకూలం. అంకెలు మారగానే చార్టులు మారతాయి. కంట్రోల్ నొక్కి ఆ షీట్ల ట్యాబులన్నీ ఎంచుకుంటే ఒకేసారి ప్రింట్ అవుతాయి. పట్టిక పెట్టడానికి చోటు లేకపోవడం దీని లోటు. రెండు చార్టులను పోల్చి చూపాలనుకుంటే ఇది వద్దు. పేజీ తిప్పుతూ పోల్చుకోమనడం చదివేవాళ్లను ఇబ్బంది పెట్టడమే.

## పీడీఎఫ్ చేసి ప్రింట్ తీయడం

ఫైల్ ఇంకొకరికి పంపాల్సి వస్తే నేను మరో ఆలోచన లేకుండా పీడీఎఫే చేస్తాను. పీడీఎఫ్‌లో పేజీలు ఎక్కడ విరగాలో అక్కడే విరుగుతాయి. ఫాంట్లు మామూలుగా ఫైల్‌లోనే ఇమిడి వెళ్తాయి కాబట్టి, మీరు వాడిన తెలుగు ఫాంట్ అవతలి కంప్యూటర్‌లో లేకపోయినా అక్షరాలు చెక్కుచెదరవు. ముఖ్యంగా యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉండే అక్షర సంకేతాలు) కాని పాత తెలుగు ఫాంట్లు వాడేవాళ్లు స్ప్రెడ్‌షీట్‌ను అలాగే పంపితే అవతల అర్థంలేని గుర్తులు కనబడతాయి. వాళ్లకు పీడీఎఫే భద్రమైన దారి.

ఇంకో లాభం, చార్టు గీతలు చుక్కలుగా కాకుండా గీతలుగానే ఉంటాయి. ఎ4 కోసం చేసిన పీడీఎఫ్‌ను ఎ3 మీద, అంటే 141 శాతం పెద్దగా తీసినా అంచులు పదునుగానే వస్తాయి.

ఎక్సెల్‌లో చార్టును సెలెక్ట్ చేసి పీడీఎఫ్‌గా ఎగుమతి చేస్తే, ఆప్షన్స్‌లో "సెలెక్టెడ్ చార్ట్" అనే ఎంపిక ఉంటుంది. అక్కడే "స్టాండర్డ్", "మినిమమ్ సైజ్" అని రెండు ఉంటాయి. ప్రింట్ కోసమైతే స్టాండర్డ్ ఎంచుకోండి. పీడీఎఫ్‌ను ప్రింట్ తీసేటప్పుడు "ఫిట్" ఉంటే పేజీ కొంచెం కుదించుకుపోతుంది. కొలత కచ్చితంగా ఉండాలంటే "యాక్చువల్ సైజ్" పెట్టాలి.

ఇబ్బంది ఒక్కటే. డేటా మారితే పీడీఎఫ్ మారదు, మళ్లీ చేయాలి. పాతదీ కొత్తదీ ఒకే పేరుతో తిరుగుతుంటే గందరగోళం. ఫైల్ పేరులో తేదీ పెట్టండి.

## వర్డ్ డాక్యుమెంట్‌లోకి

చార్టు చుట్టూ పేరాల కొద్దీ రాత ఉంటే, అంటే థీసిస్, ప్రాజెక్ట్ రిపోర్ట్, ఆడిట్ నోట్ లాంటివైతే, చార్టు వర్డ్‌లోకి వెళ్లాల్సిందే. స్ప్రెడ్‌షీట్ సెల్స్‌లో పేరాలు రాసి ప్రింట్ తీయాలనుకోవడం వృథా ప్రయాస.

ఎలా అతికించామన్నదే ఇక్కడ కీలకం. కాపీ చేసి పేస్ట్ చేసేటప్పుడు వచ్చే చిన్న బటన్లను చాలామంది పట్టించుకోరు. వాటిలో మూడు రకాలున్నాయి. లింక్ చేస్తే అసలు ఎక్సెల్ ఫైల్‌తో సంబంధం ఉంటుంది, అక్కడ అంకె మారితే ఇక్కడా మార్చుకోవచ్చు. కానీ ఆ ఫైల్‌ను వేరే ఫోల్డర్‌కు జరిపినా, పేరు మార్చినా ఆ బంధం తెగిపోతుంది. ఎంబెడ్ చేస్తే వర్క్‌బుక్ మొత్తం వర్డ్ ఫైల్ లోపలికి వచ్చి కూర్చుంటుంది. ఇది ప్రమాదకరం. మీరు చూపించాలనుకున్నది ఒక్క చార్టే అయినా, ఆ వర్క్‌బుక్‌లోని మిగతా షీట్లు, జీతాల వివరాలో మార్కుల జాబితాలో ఏవున్నా, వర్డ్ ఫైల్ అందుకున్నవాళ్లు తెరిచి చూసేయగలరు. కాగితం ఇస్తే ఏ ఇబ్బందీ లేదు. ఫైల్ ఇస్తేనే జాగ్రత్త పడాలి. పిక్చర్‌గా అతికిస్తే ఈ రెండు సమస్యలూ ఉండవు, కానీ తర్వాత మార్చలేం.

రిపోర్ట్ ఇంకా రాస్తూ ఉన్నప్పుడు లింక్, తుది ప్రతి సిద్ధమయ్యాక పిక్చర్. నేను పాటించే క్రమం ఇది. ఇంకో మాట. వర్డ్‌లో మూలలు పట్టుకుని చార్టు బొమ్మను కుదిస్తే అక్షరాలూ కుంచించుకుపోతాయి. ముందే స్ప్రెడ్‌షీట్‌లో సరైన సెంటీమీటర్లకు మార్చి తీసుకెళ్లండి.

## బొమ్మగా సేవ్ చేయడం

పోస్టర్‌లోనో, డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోనో వాడాలంటే తప్ప దీన్ని నేను సిఫార్సు చేయను. లెక్క చూడండి. మంచి ప్రింట్‌కు అంగుళానికి 300 చుక్కలు కావాలంటారు. ఆ లెక్కన 600 పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మ కాగితం మీద 2 అంగుళాలు, అంటే 5 సెం.మీ. మాత్రమే స్పష్టంగా వస్తుంది. ఎ4 నిండా రావాలంటే 2480 × 3508 పిక్సెళ్లు కావాలి. తెర మీద తీసిన స్క్రీన్‌షాట్ అంత ఉండటం అరుదు.

తప్పదనుకుంటే ఎస్‌వీజీ తీసుకోండి. అది గీతల లెక్కలను దాచుకుంటుంది కాబట్టి ఎంత పెంచినా మసకబారదు. గూగుల్ షీట్స్ చార్టు డౌన్‌లోడ్‌లో పీఎన్‌జీ, పీడీఎఫ్‌తో పాటు ఎస్‌వీజీ కూడా ఉంది. లిబ్రేఆఫీస్ క్యాల్క్‌లో చార్టు మీద రైట్ క్లిక్ చేసి బొమ్మగా ఎగుమతి చేసేటప్పుడు కూడా దొరుకుతుంది. ఎస్‌వీజీ తెరుచుకోకపోతే పీఎన్‌జీ. జేపీజీ మాత్రం వద్దు. అది ఫొటోల కోసం చేసినది, అక్షరాల అంచుల చుట్టూ మురికి పట్టినట్టు చేస్తుంది.

## ఒక్క చూపులో

| దారి | పక్కన అంకెలు | అంకెలు మారితే | వేరేవాళ్లకు పంపడానికి | ఎక్కడ దెబ్బతింటుంది |
|---|---|---|---|---|
| చార్టు ఒక్కటే | రావు | వెంటనే మారుతుంది | కాగితమైతేనే | చిన్న చార్టు అనవసరంగా పెద్దదవుతుంది |
| పట్టికతో కలిపి | వస్తాయి | వెంటనే మారుతుంది | పీడీఎఫ్ చేసి పంపాలి | స్కేలింగ్ తగ్గి అక్షరాలు చిన్నవవుతాయి |
| సొంత షీట్ | రావు | వెంటనే మారుతుంది | పీడీఎఫ్ చేసి పంపాలి | రెండు చార్టులను పోల్చలేం |
| పీడీఎఫ్ | మీ ఇష్టం | మళ్లీ చేయాలి | అన్నిటికంటే మేలు | పాత ప్రతులు తిరుగుతుంటాయి |
| వర్డ్ | కావాలంటే పెట్టొచ్చు | లింక్ ఉంటేనే | ఎంబెడ్ చేస్తే డేటా బయటపడుతుంది | లింక్ తెగిపోతుంది |
| బొమ్మ | రావు | మళ్లీ చేయాలి | బాగానే ఉంటుంది | మసకబారుతుంది |

## రంగుల సంగతి

ఏ దారి ఎంచుకున్నా ఇది తప్పదు. ఒకసారి మూడు విభాగాల అంకెలను గీతల చార్టుగా చేసి, ముచ్చటగా రంగు ప్రింట్ తీసుకెళ్లాను. మీటింగ్‌లో అందరికీ దాని జిరాక్సులు పంచారు. ఒక పెద్దావిడ కళ్లద్దాలు సర్దుకుని, "బాబూ, ఇందులో రెండోది ఏది, మూడోది ఏది?" అని అడిగారు. నా చేతిలోని జిరాక్స్ చూసి నేనూ చెప్పలేకపోయాను.

ఇంటికొచ్చి లెక్క వేస్తే కారణం తెలిసింది. రంగును బూడిదగా మార్చేటప్పుడు సాధారణంగా ఎరుపుకు 0.299, ఆకుపచ్చకు 0.587, నీలానికి 0.114 చొప్పున బరువు ఇచ్చి కలుపుతారు. 0 అంటే నలుపు, 255 అంటే తెలుపు. 2013 వెర్షన్ నుంచి పదేళ్ల పాటు ఎక్సెల్ తనంతట తాను వేస్తూ వచ్చిన రంగుల వరుసలో రెండోదైన నారింజ ఈ లెక్కన దాదాపు 150 అవుతుంది, మూడోదైన బూడిద 165. మామూలు జిరాక్స్‌లో ఆ తేడా కంటికి ఆనదు. అదే వరుసలోని లేత నీలం, ఆకుపచ్చ ఇంకా దారుణం. రెండూ 143 దగ్గరే. తెర మీద ఎంతో వేరుగా కనబడే నీలం, ఆకుపచ్చ కాగితం మీద కవలలన్నమాట.

అందుకే కాగితం కోసం చేసే చార్టులో రంగు ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. గీతలైతే ఒకటి నిండుగా, ఒకటి చుక్కలుగా, ఒకటి తెగిన చిన్న చిన్న ముక్కలుగా పెట్టండి. స్తంభాలైతే ఫిల్ దగ్గర ప్యాటర్న్ ఎంచుకుని ఏటవాలు గీతలు, చుక్కలు వాడండి. లేత బూడిద జిరాక్స్‌లో చెరిగిపోతుంది కానీ ఏటవాలు గీతలు నిలుస్తాయి. లెజెండ్ (ఏ రంగు దేనిదో చెప్పే జాబితా) తీసేసి, ప్రతి గీత చివర దాని పేరు రాయడం వీటన్నిటికంటే మంచి పని. చదివేవాళ్ల చూపు లెజెండ్‌కీ గీతకూ మధ్య తిరగక్కర్లేదు, జిరాక్స్ ఎన్నిసార్లు తీసినా పేరు పేరే.

నాలుగైదు ముక్కలు దాటిన గుండ్రటి పై (pie) చార్టు నలుపు తెలుపులో ఎలా చేసినా కుదరదు. దాన్ని అడ్డస్తంభాల చార్టుగా మార్చండి. తెలుగు పేర్లు పొడవుగా ఉన్నప్పుడు కూడా అడ్డస్తంభాలే నయం. నిలువు స్తంభాల కింద పేర్లు పట్టక ఏటవాలుగా తిరిగిపోతాయి, ఒత్తులున్న తెలుగును అలా తలవంచి చదవడం కష్టం.

## మీరు ఎవరైతే ఏది

విద్యార్థులు, పరిశోధకులు వర్డ్ దారి పట్టండి. రాస్తున్నన్ని రోజులూ ఎక్సెల్ ఫైల్‌ను, వర్డ్ ఫైల్‌ను ఒకే ఫోల్డర్‌లో ఉంచి కదపకండి. సమర్పించే రోజున చార్టులన్నీ పిక్చర్లుగా మార్చి, డాక్యుమెంట్‌ను పీడీఎఫ్ చేసి అప్పుడు ప్రింట్‌కు ఇవ్వండి.

ఆఫీసులో నెలనెలా రిపోర్ట్ ఇచ్చేవాళ్లు ఒక్కపూట కూర్చుని ప్రింట్ కోసం వేరే షీట్ తయారుచేసుకోండి. మొదటిసారి గంట పట్టినా తర్వాత ప్రతి నెలా రెండు నిమిషాల పని. చార్టు శీర్షికను ఒక సెల్‌కు లింక్ చేయండి: శీర్షికను సెలెక్ట్ చేసి, ఫార్ములా బార్‌లో సమానం గుర్తు కొట్టి, నెల పేరున్న సెల్ మీద క్లిక్ చేసి ఎంటర్ నొక్కితే చాలు. ఫుటర్‌లో (పేజీ అడుగున) తేదీ పెట్టడం మంచిదే కానీ అది ప్రింట్ తీసిన తేదీ, అంకెల తేదీ కాదు. అంకెలు ఏ నెలవో శీర్షికలోనే కనబడాలి.

గోడకు అంటించేవాళ్లకు సొంత షీట్, దాన్నుంచి పీడీఎఫ్, ఎ3 కాగితం. గీతల మందం, అక్షరాల సైజు బాగా పెంచండి. ఎ4 మీద 9 పాయింట్లున్నది ఎ3కి పెంచితే 12.7 అవుతుంది, నిలబడి చూసేవాళ్లకు అది చాలదు. ముందుగా 16కి పెంచి, అప్పుడు ఎ3 తీయండి.

డేటా గోప్యంగా ఉండాల్సినవాళ్లు స్ప్రెడ్‌షీట్‌నూ, ఎంబెడ్ చేసిన వర్డ్ ఫైల్‌నూ బయటకు పంపొద్దు. పీడీఎఫ్ లేదా కాగితం మాత్రమే.

తెర మీద నల్లటి నేపథ్యంతో చార్టు చేసుకున్నవాళ్లు ప్రింట్‌కు ముందు దాన్ని తెల్లగా మార్చండి. పేజీ నిండా నలుపు పోస్తే ఇంక్‌జెట్ కాగితం తడిసి ముడతలు పడుతుంది.

ఇక పది ప్రతులు అవసరమైనా, వంద అవసరమైనా ముందు ఒక్కటే తీయండి. దాన్ని నలుపు తెలుపు జిరాక్స్ ఒకటి తీసి, చార్టు గురించి ఏమీ తెలియని ఒకరి చేతికిచ్చి, "ఇందులో అన్నిటికంటే ఎక్కువ ఏది?" అని అడగండి. వాళ్లు కాగితాన్ని కళ్ల దగ్గరకు లాక్కున్నారా, అక్షరాలు పెంచండి. లెజెండ్ వైపు రెండుసార్లు చూశారా, పేర్లు గీతల మీదికి తెండి. తడుముకోకుండా వేలు పెట్టి చూపించారంటే మిగతా ప్రతులు తీసేయండి.